మెట్ట ఊళ్లో మూడు నెలలు: విదేశీ మిత్రుణ్ణి సేద్యానికి పిలిచే ముందు

మీరు అడిగింది ఇదీ: జర్మనీలో ఆల్ప్స్ కొండల పక్కన పుట్టి పెరిగిన మిత్రుడు, పశువుల పని తెలిసినవాడు, మే నెలలో వచ్చి మూడు నెలలు కనిగిరి దగ్గర మీ బావగారింట్లో ఉండి పొలం పని చేస్తానంటున్నాడు. అక్కడ రెండెకరాల నల్లరేగడి, మూడెకరాల ఎర్ర చెలక, రెండు పాడి గేదెలు ఉన్నాయి. ఎప్పుడు రావాలి, ఏ పని పెట్టాలి, కాగితాలేమిటి, తిండీ నీళ్ల సంగతేమిటి?

ముందు ఒక మాట సరిచేయాలి. మెట్ట అంటే కొండప్రాంతమని అతనికి చెప్పినట్టున్నారు. మెట్ట అంటే కాలువ నీళ్లు ఎక్కని నేల, అంతే. పడమట నల్లమల, వెలిగొండలు కనిపిస్తాయి నిజమే. కానీ కనిగిరి, పామూరు, ఉదయగిరి, వింజమూరు వైపు సేద్యం కొండ మీద లేదు, వాన మీద ఉంది. అతను పుట్టిన చోట గడ్డికి కరువు లేదు, శత్రువు చలికాలం. అందుకే వేసవిలో పశువుల్ని కొండ మీదికి తోలి, కింద గడ్డి కోసి ఎండబెట్టి దాచుకుంటారు. మన దగ్గర అంతా తిరగబడి ఉంటుంది. శత్రువు ఎండాకాలం, దాచుకునే జొన్నచొప్ప, వరిగడ్డి వామి ఏప్రిల్, మే నెలల కోసం. ఈ ఒక్క ముక్క ముందే చెబితే ఉన్ని బట్టలు, మంచు బూట్లు మోసుకురాడు.

మే నెల వద్దు. అప్పుడు చేలో ఉండే పని వేసవి దుక్కి, చెరువు మట్టి తోలడం. రెండూ ఇప్పుడు ట్రాక్టరు, జేసీబీ పనులే, చూడటానికి కూడా పెద్దగా ఏమీ ఉండదు. ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. చల్లని దేశపు ఒంటికి ఈ వేడి అలవాటు పడాలంటే వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లోనే ఉత్సాహంగా పార పట్టుకుంటే వడదెబ్బ తగులుతుంది. జూన్, జూలైల్లో కంది విత్తుతారు గానీ ఆ వాన ఒక్కోసారి మూడు వారాలు ముఖం చాటేస్తుంది. సెలవు పెట్టి వచ్చినవాడు అరుగు మీద కూర్చుని మబ్బు చూడాల్సి వస్తుంది.

సరైన కాలం అక్టోబరు మూడో వారం నుంచి జనవరి ఆఖరు దాకా. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాలదే. ప్రకాశం పడమటికి పోయేకొద్దీ నైరుతి వాటా పెరుగుతుంది గానీ, అక్కడ కూడా అక్టోబరు వానలే నల్లరేగడిని తడుపుతాయి. అతను దిగేసరికి జూలైలో వేసిన కంది నడుము దాటి ఉంటుంది, శనగ విత్తే వేళ అవుతుంది, పొగాకు నారు నాట్లు నడుస్తుంటాయి. వెళ్లేసరికి కంది, శనగ రెండూ కోతకొస్తాయి. మధ్యలో సంక్రాంతి. అతని వీసా మీద ఒక విడతకు ఎన్ని రోజులు ఉండొచ్చో చూసి టికెట్ కొనమనండి. 90 రోజులే అయితే నవంబరు మొదటి వారంలో రావాలి. విత్తనం అప్పటికే పడిపోయినా ఫర్వాలేదు, కోత తప్పకూడదు. అంతేగాని పంట కోసమని గడువు దాటి ఒక్క రోజు కూడా ఉండకూడదు.

ఇక అతను నేర్చుకోవాల్సిన మొదటి మాట "పదును". మెట్టలో పనులు తేదీ చూసి జరగవు, పదును చూసి జరుగుతాయి. వాన వెలిశాక నాలుగంగుళాల లోతు నుంచి పిడికెడు మట్టి తీసి గట్టిగా నొక్కాలి. ఉండ కట్టి, నడుమెత్తు నుంచి వదిలితే పగిలిపోతే పదును ఉన్నట్టు. పగలకుండా ముద్దగా అణిగితే ఇంకా తడి, ఆ రోజు గుంటక (కలుపు కోసి నేల చదును చేసే పనిముట్టు) దించితే గడ్డలు లేస్తాయి, రేగడి అయితే ఇనుముకు అంటుకుని కదలదు. ఉండే కట్టకపోతే పదును దాటిపోయింది. ఎర్ర చెలక రెండు మూడు రోజుల్లోనే ఆరిపోతుంది. నల్లరేగడి వారం దాకా నిలుపుకుంటుంది. ఊరంతా ఒకే రోజు ట్రాక్టరు కోసం ఎగబడేది అందుకే. అతను రాగానే రోజూ పొద్దున ఈ పిడికిలి పరీక్ష రెండు నేలల్లోనూ చేసి పుస్తకంలో రాసుకోమనండి. పది రోజుల్లో మీ బావగారు ఆ రోజు చేనికి ఎందుకు వెళ్లలేదో చెప్పగలుగుతాడు.

పని పంచేటప్పుడు అతన్ని మొత్తం పొలం మీద తిప్పొద్దు. నల్లరేగడిలో 10 సెంట్లు కొలిచి, గట్టు పక్కన నాలుగు కర్రలు పాతి, "ఇది నీది" అనండి. అందులో శనగ వేయించండి. వంద రోజుల లోపు విత్తు నుంచి గింజ దాకా చూపించే పంట, పెద్దగా నీళ్లడగని పంట, చిన్న తప్పుల్ని ఓర్చుకునే పంట ఆ కాలంలో అదొక్కటే. లెక్క ఇదీ. సాలుకీ సాలుకీ 30 సెంటీమీటర్లు, మొక్కకీ మొక్కకీ 10. అంటే సెంటుకు సుమారు 1,350 మొక్కలు, 10 సెంట్లకు 13,500. జేజీ 11 అనే దేశవాళీ రకం అయితే ఎకరాకు 25 నుంచి 30 కిలోలు, అతని ముక్కకు మూడు కిలోల లోపు సరిపోతుంది. లావు గింజ కాబూలీ శనగ వేస్తే విత్తనం దాదాపు రెట్టింపు పడుతుంది, ఎండు తెగులుకు కూడా తొందరగా లొంగుతుంది. మొదటిసారికి దేశవాళీయే మేలు.

విత్తే ముందు కిలో గింజకు 10 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (తెగుళ్లను ఆపే మేలు బూజు) పొడి కొద్దిగా నీళ్లు చిలకరించి పట్టించాలి, నీడలో ఆరబెట్టాలి. దీని మీద రైజోబియం (వేళ్లకు నత్రజని అందించే బ్యాక్టీరియా) కూడా పట్టించొచ్చు గానీ రసాయన మందు కలిపిన విత్తనానికి ఈ రెండూ పట్టించడం దండగ, ఆ మందు వీటిని చంపేస్తుంది. సంచి మీద చదివి చూసుకోండి. 10 సెంట్లకు ట్రాక్టరు గొర్రు (విత్తనం వేసే పనిముట్టు) ఎవరూ తేరు కాబట్టి తాడు లాగి, కర్రతో సాలు గీసి, చేత్తో గింజ వేయించండి. లోతు రెండు నుంచి మూడంగుళాలు, గింజ తప్పకుండా తడి మట్టిలో పడాలి. కొత్తవాళ్లు చేసే తప్పు ఎప్పుడూ ఒకటే: పైపైన పొడి మట్టిలో వేసి నీళ్లు చల్లడం. ఆ తడికి గింజ ఉబ్బుతుంది, మొలక రాకముందే ఆరిపోయి చస్తుంది. చుట్టుపక్కల ఎద్దుల గొర్రు ఇంకా తోలేవాళ్లుంటే ఒక పూట తీసుకెళ్లి చూపించండి. జడ్డిగంలో, అంటే గొర్రు మీది గింజల గిన్నెలో, వేళ్ల సందు నుంచి గింజ వదలడం ఎక్కువగా ఆడవాళ్ల చేతి పని, అది ఒక్క రోజులో వచ్చేది కాదు. అతను ప్రయత్నిస్తే ఒక చోట గుంపు, ఒక చోట ఖాళీ వస్తాయి. అందుకే మీ బావగారి సాళ్లలో కాకుండా అతని ముక్కలోనే ప్రయత్నించనివ్వండి.

అక్టోబరు మొదట్లో నేల ఇంకా వేడిగా ఉన్నప్పుడు వేస్తే ఎండు తెగులు పట్టుకుంటుంది. నవంబరు దాటించి వేస్తే గింజ పాలుపోసుకునే వేళకు ఎండ ముదిరి పిప్పి గింజలవుతాయి. విత్తాక నీళ్ల గురించి అతనితో వాదన వస్తుంది, సిద్ధంగా ఉండండి. మొక్క వాడిందని గొట్టం పట్టుకొస్తాడు. రేగడిలో శనగకు తొలి నెలలో నీళ్లిస్తే ఆకు పెరుగుతుంది, కాయ తగ్గుతుంది. మరీ బెట్ట అయితే కాయ కట్టే దశలో ఒక పల్చని తడి చాలు. అసలు భయం నీళ్లు తక్కువవడం కాదు, ఎక్కువవడం. నవంబరు, డిసెంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం లేస్తే మూడు రోజులు వదలకుండా కురుస్తుంది. విత్తిన వారంలోనే ముక్క చుట్టూ అడుగు లోతు పిల్లకాలువ తీయించి పల్లానికి దారి పెట్టించండి. ఆ పనికి అతని పార బాగా పనికొస్తుంది.

ఇరవై రోజులకు తొలి కలుపు. నెల దాటాక కొనలు తుంచితే కొమ్మలు విచ్చుకుంటాయి, తుంచిన చిగురు పప్పులోకి పోతుంది. పొద్దున్నే శనగ చేలో తిరిగితే ఆకుల మీది మంచులో పులుపు ఉంటుంది. మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలవి. లాగు వేసుకుని నడిస్తే పిక్కలు మండుతాయి, తోలు బూట్లు పాడవుతాయి. పొడుగు ప్యాంటు, రబ్బరు బూట్లు తప్పనిసరి. పచ్చపురుగు కోసం అతని ముక్కలో ఇంగ్లిషు టీ అక్షరం ఆకారంలో రెండు పిట్టకొయ్యలు పాతించండి, ఎకరాకు 15, 20 పెట్టే లెక్క అది. పిట్ట వాలి పురుగు ఏరుకుంటుంది. మందు కొట్టే పని మాత్రం అతనికి ఇవ్వొద్దు. పక్క చేలో కొడుతుంటే గాలివాలులో నిలబడొద్దని చెప్పండి.

జనవరి చివరికి ఆకు రాలి, కాయ గోధుమ రంగుకు తిరిగి, ఊపితే గింజ గలగలమంటుంది. మంచు ఆరకముందే కోయాలి. ఎండెక్కితే కాయ చిట్లి గింజ రాలిపోతుంది. మూడు నాలుగు రోజులు ఆరబెట్టి కర్రతో కొట్టడమే. ఎకరాకు ఆరేడు క్వింటాళ్లు వస్తే మెట్టలో మంచి పంట, కాబట్టి అతని ముక్క నుంచి 60 కిలోలు వస్తే మీ బావగారికి సాటి వచ్చినట్టు. ముప్పై వచ్చినా నవ్వొద్దు.

ఎర్ర చెలకలోని కంది దగ్గర అతను చూడాల్సింది పూత దశ. పూత, పిందె మీద మరుకా మచ్చల పురుగు పూలను గూడు కట్టి లోపల తింటుంది. గూడు విప్పి చూపిస్తే గాని అర్థం కాదు. కొట్టిన కంది కంప పొయ్యిలోకి, పొట్టు పశువులకు పోతుంది. ఏదీ పారేయని ఈ లెక్క ఆల్ప్స్ రైతుకు బాగా నచ్చుతుంది.

గేదెల విషయంలో అతని అనుభవం సగమే పనికొస్తుంది. అక్కడి ఆవు ఎవరు పితికినా, మిషను పెట్టినా ఇస్తుంది. మన గేదె దూడ కుడిస్తేనో, రోజూ పితికే చెయ్యి తగిలితేనో గాని చేపుకు రాదు. కొత్త మనిషి, కొత్త వాసన తగిలితే పాలు వదలకుండా బిగబడుతుంది, ఆ పూట కేంద్రానికి పోసే పాలు తగ్గుతాయి. మొదటి రెండు వారాలు గడ్డి వేయడం, కడగడం, పేడ తీయడం వరకే ఉంచండి. ఒంగోలు జాతి చూడాలంటే చదలవాడ పశుక్షేత్రానికి తీసుకెళ్లండి. బ్రెజిల్‌లో లక్షల మందలుగా పెరిగిన తెల్ల పశువును "నెలోరె" అని పిలిచేది మన నెల్లూరు పేరు మీదే, ఆ మాట అతను ఇంతకుముందే విని ఉండొచ్చు. గొర్రెల మందను మాత్రం ఊళ్లోనే చూపించండి. నెల్లూరు గొర్రెలో మూడు రకాలు: పూర్తి తెలుపు పల్ల, ముఖం మీద నల్ల మచ్చల జోడిపి, ఎర్ర గోధుమ రంగు దొర. చేలో రాత్రిళ్లు మంద కట్టించి ఎరువు వేయించుకునే పద్ధతి చూపిస్తే, ఆ ఒక్క రాత్రీ కాపరి పక్కన పడుకుంటానంటాడు. పడుకోనివ్వండి, నులక మంచం మీద.

పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) చూడాలంటే జనవరిలో మీ పక్క ఊళ్లలోనే దొరుకుతుంది. ఆకు పసుపు రంగుకు తిరిగే దశ 35 డిగ్రీల దగ్గర మొదలై, ఈనె ఎండే దశకు 70 డిగ్రీల దాకా వేడి పెంచుకుంటూ అయిదారు రోజులు కాపలా కాస్తారు. రాత్రి మంట తగ్గితే ఆకు రంగు చెడి ధర పడిపోతుంది. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. మంచుతో తడిసిన పచ్చి ఆకును చేతులతో, చంకలో పెట్టి మోస్తే నికోటిన్ చర్మం నుంచి ఒంట్లోకి పోతుంది. అలవాటు లేనివాడికి కొద్ది గంటల్లో తల తిరుగుడు, వాంతులు మొదలవుతాయి. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ పోస్తుంటారు. తడి బట్టలు మార్పించి, సబ్బుతో ఒళ్లు కడిగించాలి. ఆకు ఆరాక, నిండు చేతుల చొక్కాతో ఓ గంట కోయిస్తే చాలు.

కాగితాలు. టూరిస్టు వీసా మీద ఉద్యోగం, కూలి పని కుదరదు. డబ్బుగానీ మరే ప్రతిఫలంగానీ లేని స్వచ్ఛంద సేవ అయితే గరిష్ఠంగా ఒక నెల ఒప్పుకుంటారు. ప్రతిఫలం అన్న మాటలో తిండి, బస కూడా వచ్చిపడే వీలుంది. కాబట్టి "పని చేస్తాడు, మేం అన్నం పెడతాం" అనే ఒప్పందం ఎక్కడా, వాట్సాప్‌లో కూడా రాసుకోవద్దు, అసలు పెట్టుకోవద్దు. అతిథిగా ఉంటాడు, తన ముక్కలో తాను నేర్చుకుంటాడు, తిండి ఖర్చు తాను ఇచ్చుకుంటాడు. ఇందులో ఊరి న్యాయం కూడా ఉంది. కలుపుకు రోజూ వచ్చే మనిషిని మానిపించి ఇతన్ని దింపితే ఒక ఇంటి కూలి పోతుంది. మీ బావగారు కూలీలను ఎప్పటిలాగే పిలవాలి.

విదేశీయుడు ఇంట్లో దిగిన 24 గంటల్లో ఇంటి యజమాని ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. అందరూ ఫారం సి అనేది అదే. హోటళ్లకే అనుకుంటారు, ఇళ్లకూ వర్తిస్తుంది. మీ బావగారి పేరున ముందుగా ఖాతా తెరవాలి, దానికి ఆమోదం రావాలి. కాబట్టి అతను విమానం ఎక్కడానికి రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టండి. పాస్‌పోర్టు, వీసా నంబర్లు, ఫోటో, వచ్చిన తేదీ, ఎక్కడి నుంచి వచ్చాడు, తర్వాత ఎక్కడికి వెళతాడు, ఇవన్నీ అడుగుతుంది. 180 రోజులకు మించిన వీసా మీద వచ్చేవారికి 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ వేరే ఉంటుంది, మీకు దాని అవసరం పడదు. దిగిన మర్నాడు ఊరి పెద్దలకూ, స్టేషన్‌లోనూ ఒకసారి మొహం చూపిస్తే తర్వాత సగం ప్రశ్నలు తగ్గుతాయి.

డ్రోన్ తేవద్దనండి, దిగుమతికే నిషేధం ఉంది. శాటిలైట్ ఫోనూ అనుమతి లేకుండా తేకూడదు, కొండలెక్కేవాళ్ల సంచుల్లో అవి మామూలుగా ఉంటాయి కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నా. ఇంకోటి, అతను కొండ కనిపిస్తే ఎక్కాలంటాడు. నల్లమలలో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం ఉంది, అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. వెలిగొండల వైపు ఎర్రచందనం కాపలా ఉంటుంది, ఒంటరిగా సంచి తగిలించుకుని తిరిగే కొత్త మనిషిని ఎవరైనా ఆపుతారు. ఉదయగిరి దుర్గానికి మాత్రం పగటిపూట, ఊరివాళ్లు తోడుగా వెళ్లొచ్చు. దిగాక అక్కడి చెక్క చెంచాలు కొనుక్కోవచ్చు.

నీళ్ల గురించి మీకూ తెలిసిందే. పొదిలి, దర్శి, కనిగిరి భూగర్భ నీళ్లలో ఫ్లోరైడ్ గురించి 1937లోనే వైద్యులు రాశారు, అప్పటికి ఇదంతా నెల్లూరు జిల్లా. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. మూడు నెలలకు పెద్దవాడి ఎముకలకు ఏమీ కాదు, అతను ఇంటర్నెట్లో చదివి భయపడితే ఆ మాట చెప్పండి. అసలు ఇబ్బంది విరేచనాలు. బోరు నీళ్లు కాస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు, ఆవిరయ్యేకొద్దీ చిక్కబడుతుంది. ప్లాంటు క్యాను నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గుతుంది గాని క్యాను శుభ్రతకు హామీ లేదు. కాబట్టి క్యాను నీళ్లే కాచి చల్లార్చి తాగించండి. మజ్జిగలో పోసే నీళ్లూ అవే కావాలి, అందరూ మరిచిపోయేది అక్కడే. విరేచనాలైతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు.

కారం కోసం వేరే వంట చేయక్కర్లేదు. ముద్దపప్పు, నెయ్యి, పెరుగు, సజ్జ రొట్టె, ఉడికించిన గుడ్డుతో మొదటి వారం గడుస్తుంది, గోంగూర రెండో వారంలో పెట్టండి. "చాలు" అనే మాట నేర్పండి, అది నిజంగా చాలు అని మీ అక్కగారికీ నేర్పండి.

రాత్రి చేలోకి టార్చి లేకుండా వెళ్లకూడదు, పాముల వల్లే కాదు. అడవి పందుల కోసం కొందరు దొంగతనంగా కరెంటు తీగ లాగుతారు, అది మనిషినీ చంపుతుంది. చీకటి పడ్డాక బండిబాట దాటి చేలకు అడ్డంగా నడవొద్దని గట్టిగా చెప్పండి. నేల మీద పడుకోవద్దు. కట్లపాము నిద్రలో కరిస్తే నొప్పి కూడా తెలియదు. మంచం, దోమతెర కావాలి. కాటు పడితే కట్లు కట్టడం, కోయడం, మంత్రం ఏదీ వద్దు. కాలు కదలనీయకుండా 108లో విరుగుడు మందు ఉన్న ఆస్పత్రికి పోవాలి. ఏ ఆస్పత్రిలో ఉందో ముందే కనుక్కుని నంబరు గోడ మీద రాసుకోండి. కుక్క కరిస్తే సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు సూది.

ఊళ్లో అతన్ని "దొర" అంటారు. పేరు పెట్టి పిలవమని, పిల్లలు "అన్నా" అనమని మొదటి రోజే చెప్పండి. లేకపోతే కుర్చీ వేసి కూర్చోబెట్టడంతోనే మూడు నెలలూ అయిపోతాయి. ఊరంటే ఒక్క బజారు కాదు. కాలనీలో కూడా ఎవరైనా భోజనానికి పిలిస్తే వెళ్లనివ్వండి, ఆ విషయంలో మీ ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడుకోండి. చందాలు, అప్పులు అడిగితే "బావగారిని అడగండి" అని ఒకే సమాధానం చెప్పమనండి.

మూడో నెలలో ఇలాంటివాళ్లకు ఒక ఆలోచన వస్తుంది: ఇక్కడే రెండెకరాలు కొంటానని. కుదరదు. విదేశీయులే కాదు, ప్రవాస భారతీయులు కూడా ఇక్కడ వ్యవసాయ భూమి కొనడానికి ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) ఒప్పుకోదు, వారసత్వంగా వస్తే వేరు. మీ బావగారి పేరు మీద కొందామంటే అది బినామీ అవుతుంది. వెళ్లేటప్పుడు తన చేత్తో పండించిన శనగ విత్తనం మూట కట్టుకుంటానన్నా ఆపండి. తెగుళ్లు, పురుగులు లేవని ఇచ్చే ఫైటోశానిటరీ ధ్రువపత్రం లేకుండా విత్తనాలు ఐరోపాలోకి రానివ్వరు, నెయ్యి సీసా కూడా లాగేసుకుంటారు. కందిపొడి డబ్బా ఇచ్చి పంపండి.